కోట తలుపు తీసేదెవరు?

కోట ఉన్న కథ ఏది చేతికొచ్చినా ముందు దాని తలుపు ఎక్కడుందో చూస్తాను. తీసేదెవరు, ఎవరి కోసం తీస్తారు, లోపలికెళ్లినవాడు మళ్లీ బయటపడగలడా? ఇవి తేలని కథలో బురుజుల గురించీ కందకాల గురించీ పేజీలకు పేజీలు రాసినా, అవి నాటకంలో వెనక వేలాడే పరదాలాగే ఉండిపోతాయి.

1764 చివర్లో హోరేస్ వాల్పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ అచ్చువేశాడు. పెళ్లినాడే కోట ముంగిట్లో బ్రహ్మాండమైన శిరస్త్రాణం పడి పెళ్లికొడుకు నలిగిపోతాడు. పెళ్లికూతురు సొరంగంలోంచి పారిపోతుంది. భయపెట్టే కోటల నవలలకు అదే మొదలు. దాన్ని చూసి తర్వాతివాళ్లు సొరంగాలూ రహస్య ద్వారాలూ తెగ తవ్వారు. అందులోని అసలు కీలకాన్ని మాత్రం తక్కువమందే అందుకున్నారు. ఆ కోట దాన్ని ఏలుతున్న మాన్‌ఫ్రెడ్ న్యాయంగా సంపాదించింది కాదు, అతని తాత కాజేసింది. అందుకే అది సొంతదారుడి మీదికే తిరగబడుతుంది.

షేక్‌స్పియర్ ఇంకా తెలివిగా చేశాడు. ‘మాక్బెత్’ నాటకంలో మాక్బెత్ కోట ముందు నిలబడి డంకన్ రాజు ఇక్కడి గాలి ఎంత హాయిగా ఉందో అంటాడు. పక్కనున్న బాంక్వో గోడల్లో గూళ్లు కట్టుకున్న పిట్టల్ని చూపిస్తాడు. భయమన్న ఊసే లేదు. అతిథిగా నవ్వుతూ గడప దాటిన రాజు తెల్లారేసరికి లేడు. హత్య జరిగాక తలుపు దబదబా మోగుతుంది. తాగి ఉన్న కాపలావాడు తాను నరకద్వారం దగ్గర కొలువు చేస్తున్నట్టు ఊహించుకుంటూ, పాపుల్ని ఒక్కొక్కర్నే లోపలికి పిలుస్తూ, తాపీగా వచ్చి తీస్తాడు. ఆ చప్పుడు తన్నెందుకంత కలచివేసిందో చెప్పడానికి థామస్ డిక్విన్సీ 1823లో ఒక వ్యాసమే రాశాడు. హత్యవేళ ఆగిపోయిన మామూలు బతుకు మళ్లీ నడక మొదలుపెట్టిందని ఆ తలుపుచప్పుడే చెబుతుందంటాడు. రాసే పిల్లలతో కూర్చున్నప్పుడల్లా ఈ ఘట్టం చదివిస్తాను.

అయితే నన్ను వదలనిది కాఫ్కా నవలలోని కోట. ఆ నవలను 1922లో రాశాడు, పూర్తి చేయలేదు. ఆయన పోయాక 1926లో స్నేహితుడు మాక్స్ బ్రాడ్ అచ్చువేయించాడు. కె అనే మనిషి మంచు కప్పిన ఊరికి రాత్రిపూట చేరతాడు. చెక్క వంతెన మీద నిలబడి పైకి చూస్తే కొండా లేదు, దీపమూ లేదు, అంతా శూన్యం. తెల్లారి చూస్తే అది బురుజులున్న పాతకాలపు కోటా కాదు, కొత్త రాజభవనమూ కాదు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న పొట్టి ఇళ్ల గుంపు, ఒక్క గోపురం, దాని చుట్టూ తిరిగే కాకులు. అటు నడుస్తాడు. దారి కోట దగ్గరిదాకా వెళ్లినట్టే వెళ్లి పక్కకు తిరుగుతుంది. దూరమూ కాదు, దగ్గరా కాదు.

వచ్చిన రాత్రే సత్రంలో నిద్రలేపి ఒకడు అతనికో సంగతి చెబుతాడు: ఈ ఊరు కోటదే, ఇక్కడ పడుకున్నవాడు కోటలో పడుకున్నట్టే, దానికి అనుమతి కావాలి. కాఫ్కా పనితనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. కె అప్పటికే లోపలున్నాడు, అయినా చివరిదాకా లోపలికి వెళ్లలేడు. ఆ కోటకు తట్టడానికి తలుపన్నదే లేదు. సంతకం కోసం ఏళ్లతరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

కాఫ్కా ఈ నవలను మొదట ‘నేను’ అంటూ రాశాడు. కొంతదూరం వెళ్లాక వెనక్కొచ్చి, ‘నేను’ ఉన్నచోటల్లా కొట్టేసి కె అని దిద్దాడు. ‘నేను’ అన్నప్పుడు, ఎలాగో బయటపడి మనకు కథ చెబుతున్నాడన్న భరోసా పాఠకుడికి మిగిలి ఉంటుంది. కాఫ్కా ఆ దిడ్డివాకిలి కూడా మూసేశాడు.