ముహూర్తం తెలిసిన కెమెరా

తెలుగు పెళ్ళిలో సుముహూర్తమంటే జీలకర్ర–బెల్లం పెట్టే క్షణం. అడ్డుతెరకు ఇటు వధువు, అటు వరుడు. తమలపాకులో ముద్ద పట్టుకుని ఒకరి నడినెత్తిన ఒకరు చెయ్యి ఉంచుతారు. పంతులుగారు సైగ చేయగానే గట్టిమేళం మోగుతుంది, తెర దిగుతుంది, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడతాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ చూపు రెండు మూడు సెకన్లు నిలుస్తుందేమో! ఆ కాస్త సేపట్లో ఫోటోగ్రాఫరు కొత్తగా చేయగలిగింది ఏమీ ఉండదు. ఎక్కడ నిలబడ్డారు, ఎవరి ముఖం మీద ఫోకస్ పెట్టారు, తెర ఎటు దించుతారో ముందే కనుక్కున్నారా అన్నవాటి మీదే ఫోటో ఆధారపడుతుంది.

అందుకే ఈ వృత్తికి పునాది పెళ్ళి తంతు తెలిసి ఉండటం. కెమెరా నేర్పు ఆ పునాది మీద నిలబడేదే.

తంతు ఇచ్చే సూచనలు

ప్రతి ఘట్టానికీ ముందు ఒక ఆనవాలు ఉంటుంది. కొబ్బరికాయ మీద మంగళసూత్రాలు ఉంచిన పళ్ళెం పెద్దల మధ్య తిరగడం మొదలైందంటే మాంగల్యధారణకు ఇక కొద్ది నిమిషాలే. బ్యాటరీ, కార్డు మార్చుకోవాలంటే అదే అదను. పళ్ళెం మళ్ళీ పంతులుగారి దగ్గరికి చేరేసరికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ తమ తమ చోట్ల ఉండాలి. ఒకరు ఎదురుగా, వధువు ముఖం కోసం. ఇంకొకరు పక్కన, మూడు ముళ్ళు వేసే వేళ్ళ కోసం. ఆడపడుచు జడ పక్కకు తీసి పట్టుకుంటుంది, చుట్టాలు ముందుకు వంగుతారు, ముళ్ళు కనబడే సందు బెత్తెడు కూడా మిగలదు. ముందే వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నవారికే అది దొరుకుతుంది.

తలంబ్రాలది మరో లెక్క. దోసిట్లోంచి జారే పసుపు బియ్యం గాలిలో గింజగింజగా నిలిచి కనబడాలంటే షటర్ వేగం సెకనులో 500వ వంతో, అంతకన్నా ఎక్కువో ఉండాలి. 60వ వంతుకు దిగితే అవే గింజలు గీతలుగా సాగుతాయి. రెండూ అందమే. ఏది కావాలో దోసిలి పైకి లేవకముందే తేల్చుకోవాలి. సన్నికల్లు మీద కాలు పెట్టించి మెట్టెలు తొడిగేటప్పుడు, సప్తపదిలో అడుగులు వేయించేటప్పుడు కెమెరా నేలకు దిగాలి. అప్పగింతలప్పుడు మాత్రం దూరం జరగాలి. కూతురి చేతులు పాలలో ముంచి అత్తమామలకు అప్పగిస్తున్న తల్లిదండ్రుల మీద మీదకు వెళ్ళకూడదు. దూరం నుంచే దగ్గరగా తీయగల 70–200 ఎంఎం లెన్సు ఉన్నది అందుకే.

ఈ వరుస అన్ని ఇళ్ళలో ఒక్కటి కాదు. వధువును గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చే ఆనవాయితీ కొందరికి ఉంది, కొందరికి లేదు. అనుభవమున్నవారు పెళ్ళికి ముందే పంతులుగారితో మాట్లాడి ఘట్టాల వరుస రాసుకుంటారు.

వెలుతురుతో పేచీ

మన ముహూర్తాలు తరచుగా అర్ధరాత్రో తెల్లవారుజామునో పడతాయి. మండపానికి పసుపు బల్బులు, వెనక గులాబీ, ఊదా రంగు ఎల్‌ఈడీలు, పైనుంచి వీడియోవారి తెల్లలైటు. అన్నీ కలిసి ఒకే ముఖం మీద పడితే పసుపు రాసిన చెంప రంగు చెడిపోతుంది. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. దానితో నడిచే కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియని ఆ మిణుకు, షటర్ వేగం కుదరకపోతే ఫోటోలో చారలుగా దిగుతుంది. 50వ వంతు, 100వ వంతు వేగాల దగ్గర ఆ బెడద తగ్గుతుంది కానీ తలంబ్రాలు నిలవవు. అక్కడ ఫ్లాష్ ఆదుకుంటుంది.

మధుపర్కాలు కట్టుకున్న జంటను తీయడం ఇంకా కష్టం. తెలుపు నిండిన దృశ్యాన్ని కెమెరా మీటరు బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాస్త పెంచితేనే తెలుపు తెలుపుగా వస్తుంది. మరీ పెంచితే బంగారు నగల నగిషీ మాయమవుతుంది. హోమం దగ్గర ఎదురుగా ఫ్లాష్ కొడితే పొగ తెల్లగా కమ్మేస్తుంది. లైటును పక్కకో వెనక్కో జరిపితే అదే పొగ ఫోటోకు నిండుదనం తెస్తుంది.

రీలు కాలంలో 120 ఫిల్ము మీద చతురస్రపు ఫోటోలు 12 వచ్చేవి, 35 ఎంఎం రీలులో 36. కడిగేదాకా ఏం పడిందో తెలిసేది కాదు, అందుకే ఆ తరంవారు బటన్ నొక్కే ముందే ఆలోచించారు. ఇప్పుడు ఒక్క పెళ్ళికి వేల ఫోటోలు వస్తున్నాయి. ఆలోచన అంతా ఎంపికలోకి మారింది.

ఎవరు తీస్తున్నారన్నదీ ముఖ్యమే. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళకు అప్పగించారు. మంగళస్నానాల దగ్గర, పెళ్ళికూతురిని చేసే గదిలో ఆ అవసరం ఇవాళా ఉంది. ఈ వృత్తిలోకి వస్తున్న యువతులకు పెళ్ళివారు పిలిచి పని ఇవ్వాలి.

మండపం దిగాక

ఈ పనికి పంచాంగమే ఆధారం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో మంచి ముహూర్తమున్న రోజున ఊరిలోని ఫంక్షన్ హాళ్ళన్నీ నిండుతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చినా, మూఢం వచ్చినా ఆర్డర్లు ఉండవు. సీజనులో సంపాదించిందే ఏడాదంతా ఇంటి ఖర్చుకు, కెమెరా వాయిదాలకు, అసిస్టెంట్లకు సరిపోవాలి.

పొద్దంతా నిలబడి ఇంటికి చేరాక కూడా వెంటనే నిద్ర ఉండదు. కార్డుల్లోని ఫోటోలను రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించాకే నడుం వాల్చాలి, ఎందుకంటే పోయిన పెళ్ళి మళ్ళీ జరగదు. ఆ తర్వాత ఎంపిక, రంగుల సవరణ, ఆల్బమ్ డిజైను. ‘ఫోటోలు ఎప్పుడిస్తారండీ?’ అని ఫోన్లు చేసేవారికి ఈ వారాల శ్రమ కనబడదు.

విలువ ఎక్కడుంది?

‘పంతులుగారూ, ఒక్క నిమిషం ఆపండి, తాళి ఇంకోసారి పైకెత్తమనండి’ అన్న మాట ఈమధ్య మండపాల్లో వినబడుతోంది. కెమెరా కోసం తంతు ఆపడం తప్పు. జరుగుతున్న పెళ్ళిని తీస్తే అది సాక్ష్యం. ఆపి తీస్తే నటన. తంతు తెలిసినవారికి ఆపమనే అవసరమే రాదు.

ఈ ఫోటోల విలువ దంపతుల దగ్గరే ఆగదు. చుట్టాలంతా ఒకచోట చేరేది పెళ్ళికే. తాతయ్యో అమ్మమ్మో పోయాక దండ వేయడానికి ఫోటో వెతికితే, ఎన్నో ఇళ్ళలో అది ఎవరో మనవరాలి పెళ్ళి గ్రూపు ఫోటోలో దొరుకుతుంది. ఆ ముఖాన్నే విడదీసి పెద్దది చేయించుకుంటారు. వేదిక ముందు ‘అందరూ ఇటు చూడండి’ అని గొంతు పోయేలా పిలిచే మనిషి ఆ ఇంటి చరిత్రను పోగుచేస్తున్నారు.

ఆ చరిత్ర ఆ కుటుంబానిదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవారిదే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేముందు ఫోటోగ్రాఫర్లు వారిని అడిగి తీరాలి.

పెళ్ళివారు చేయవలసినవీ ఉన్నాయి. మీ ఇంటి ఆనవాయితీలు ఫోటోగ్రాఫరుకు ముందే చెప్పండి. ఇరువైపుల చుట్టాలనూ వరుస పెట్టి పిలవగల ఒకరిని పక్కన ఉంచండి. వేదిక ఎక్కలేని పెద్దవాళ్ళ దగ్గరికి కెమెరాను పంపండి. ఫోటోగ్రాఫరుకూ సహాయకులకూ వేళకు భోజనం పెట్టించండి. బేరం కుదుర్చుకునేటప్పుడు డ్రోను ఉందా అని అడగడం కన్నా, వారు తీసిన ఒక పెళ్ళి ఆల్బమ్‌ను మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పి చూడండి. ఎంచి చూపించే పది మెరుపు ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒక్క ఘట్టమూ జారిపోని ఆల్బమ్ ఎవరి దగ్గర ఉందో, మీ ముహూర్తాన్ని వారికి అప్పగించండి.