నాపా దారి తెలిసినవాళ్లు

కాలిఫోర్నియాలోని నాపా లోయ పొడవు సుమారు 50 కిలోమీటర్లే. అయినా శనివారం మధ్యాహ్నం 29వ నంబరు రోడ్డులో ఎడమకు తిరగాలంటే దేవుడు కనిపిస్తాడు. అందుకే మంచి ట్రిప్ ప్లానర్ పొద్దున్నే ఉత్తరాన కాలిస్టోగా చేరుస్తుంది. 1976 పారిస్ వైన్ పోటీలో ఫ్రెంచివాళ్ల నోరు మూయించిన షార్డనే తయారుచేసిన షాటో మాంటెలీనా వైనరీ అక్కడే. తిరుగుదారి తూర్పున, సిల్వరాడో ట్రెయిల్ మీదుగా.

రోజుకు మూడే వైనరీలు. నాలుగోది అడిగితే నవ్వి ఊరుకుంటుంది. రెండోదయ్యాక కడుపునిండా భోజనం. వెంట వచ్చిన శాకాహారి అత్తయ్యకు ఏం పెట్టాలో ముందే ఫోన్‌లో మాట్లాడేసి ఉంటుంది. నాకు ముచ్చటేసేది మాత్రం డిక్కీలోని ఐస్ పెట్టె. ఎండలో సీసా ఉడికిపోతే వెయ్యి రుచులు చూసీ ఏం లాభం? రుచి చూసిన వైన్ ఉమ్మేందుకు గిన్నె ఇస్తారని, సిగ్గుపడొద్దని, కారెక్కగానే చెప్పేస్తుంది.