కిస్తు, ఖిస్త్, సమానత్వం

సమానత్వాదర్శం అన్ని కాలాలలోనూ ఒకే అర్థంలో లేదు. గీతలోని 'సమత్వం' సుఖదుఃఖాలకు చలించని మనఃస్థితి. అది జ్ఞాని సాధించే గుణం, పేదవాడు అడిగే హక్కు కాదు. గురజాడ (1862–1915) రచనలలో అది కులభేదంపై విమర్శ అయింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో హక్కు అయింది.

మానవులందరూ ఒకే జంట సంతానమనీ, దైవభీతి తప్ప మరో ఆధిక్యం లేదనీ ఇస్లాం ఏడవ శతాబ్దంలోనే చాటింది. అయితే ఈ విషయంపై వెలువడే రచనలు చాలావరకు, నమాజు వరుసలో యజమాని, సేవకుడు భుజం కలిపి నిలవడాన్ని వర్ణించి ఆగిపోతాయి. మసీదు వెలుపల భూమి మాట, అడవి మాట వాటిలో కనబడదు.

సోంపేట ప్రాంతం ఆ మాటనే రెండుసార్లు ఎత్తింది. 1940 ఏప్రిల్ 1న మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురంలో, అడవి కలపపై రైతుల హక్కు కోసం నిలబడిన గున్నమ్మ పోలీసు కాల్పులలో మరణించింది. జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. 2010 జూలై 14న సోంపేటలో, థర్మల్ కేంద్రం నుండి బీల భూములను కాపాడుకోవాలన్న ప్రజలపై మళ్ళీ కాల్పులు జరిగాయి. మొదటిసారి అడిగింది వాటా; రెండవసారి, నిర్ణయంలో స్థానం కూడా.

రైతు ఎరిగిన 'కిస్తు' అరబ్బీ 'ఖిస్త్' నుండి వచ్చినదే. ఆ మాటకు న్యాయమనీ, వాటా అనీ అర్థాలున్నాయి. ప్రజలు ఖిస్త్‌ను నెలకొల్పడానికే ప్రవక్తలు పంపబడ్డారని హదీద్ సూరా (57:25) చెబుతుంది. అనువాదకులు దానిని 'న్యాయం' అని సరిపెట్టినప్పుడు వాటా మరుగున పడుతుంది. జమీందారు లెక్కలో కిస్తు రైతు చెల్లించవలసినది. ఖుర్ఆన్ చెప్పే ఖిస్త్‌లో రైతుకు రావలసినది కూడా ఉంది. ఈ రెండవ అర్థం చేరనంతవరకు సమానత్వం గురించిన ప్రసంగం అసంపూర్ణమే.