గిటారు పలికిన గమకం

గిటారు మీద గమకం, అంటే స్వరపు ఊపు, పలికించడం కష్టం. తప్పు వాయించేవారిది కాదు, ఆ వాద్యం కట్టుబడే అంత. మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు ఫ్రెట్లు ఒక్కో స్వరాన్నీ ఒక్కో గడిలో కూర్చోబెడతాయి. రెండు గడుల నడుమ స్వరం ఊగడానికి చోటు తక్కువ. బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఈ చిక్కును వాద్యం చెక్క దగ్గర్నుంచే విప్పించారు.

యార్క్‌షైర్‌లోని డాంకాస్టర్‌లో 1942లో పుట్టిన మెక్‌లాఫ్లిన్, 1969లో జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ రికార్డింగులో వాయించారు. అందులో ఒక ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. 1971లో ఆయన బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రా మొదలైంది. రెండు మెడల ఎలక్ట్రిక్ గిటారు, బిల్లీ కోబమ్ డ్రమ్స్, చెవులు దద్దరిల్లే హోరు. రాక్ అభిమానులకు ఆయన ఆ హోరుతోనే గుర్తు. నన్నడిగితే, ఆయన పనితనం తేటగా వినిపించేది తర్వాత వచ్చిన ‘శక్తి’ బృందంలోనే.

అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర ఆయన వీణ నేర్చుకున్నారు. వీణ మెట్లు మైనంలో ఎత్తుగా నిలిచి ఉంటాయి. మెట్టు మీద తీగను పక్కకు లాగితే పై స్వరాలు ఒకదాని వెంట ఒకటి పలుకుతాయి. గిటారుకూ అలాంటి వీలు కావాలి. గిబ్సన్ కంపెనీలో వాద్యాలు తయారుచేసే ఏబ్ వెక్టర్ ఆ పనికి పూనుకున్నారు. మెడ మీద ఫ్రెట్టుకూ ఫ్రెట్టుకూ మధ్య చెక్కను దోనెలా లోతుగా తొలిచారు. ఇప్పుడు వేలి కొస తీగనే తాకుతుంది, చెక్కను తాకదు. కింద ఖాళీ ఉంది గనక ఇంకాస్త నొక్కితే తీగ బిగుసుకుని శ్రుతి పైకి లేస్తుంది, సడలిస్తే దిగుతుంది. పక్కకు లాగినా చెక్క రాపిడి ఉండదు.

దీంతో ఒక ఇబ్బందీ ఉంది. మామూలు గిటారులో వేలు చెక్కకు ఆని ఆగుతుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు. రవ్వంత ఎక్కువ నొక్కితే అపశ్రుతే. మెక్‌లాఫ్లిన్ లాంటి వేగం ఉన్నవారికి అది మరీ ప్రమాదం: మెరుపులా పరుగెత్తే వేళ్లలో ప్రతిదాని బరువూ తూకంగా పడాలి.

ఇంకో ఏర్పాటు: ఆరు తీగల కిందుగా, శబ్దరంధ్రం మీదుగా ఏటవాలుగా మరో ఏడు తీగలు. వాటికి వేరే బిరడలు. రాగానికి తగ్గట్టు శ్రుతి చేసుకుని మీటితే తంబురా నాదం వస్తుంది. మీటకపోయినా, పై తీగల్లో తమ స్వరం పలికినప్పుడల్లా అవి వాటంతటవే మోగుతాయి.

‘శక్తి’లో ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. మొదటి రికార్డు 1975లో న్యూయార్క్ రాష్ట్రంలో శ్రోతల ఎదుట చేసిన కచేరీయే. అందులో ‘జాయ్’ వినండి. గిటారూ వయొలినూ ఒకే స్వరమాలను జోరుగా కలిసి వాయిస్తాయి. వయొలిన్‌కు ఫ్రెట్లే లేవు, కాబట్టి ఎక్కడికైనా జారగలదు. దాని పక్కన పరుగెత్తాలంటే గిటారుకు ఎంత సాధన కావాలో ఆలోచించండి. తర్వాతి రికార్డులో ‘లా డాన్స్ ద్యు బొనర్’ ఏకంగా కొన్నక్కోల్‌తోనే, అంటే నోటితో పలికే జతులతోనే, మొదలవుతుంది.

1990ల చివర మళ్లీ కూడిన బృందంలోకి మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వచ్చారు. ఆయనదీ పడమటి వాద్యమే, దానికీ ఫ్రెట్లే. జంట తీగల బదులు అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఆయన చిన్నప్పుడే గమకాన్ని లొంగదీసుకున్నారు. మెక్‌లాఫ్లిన్ పెద్దయ్యాక వెతుక్కుంటూ వెళ్లిన చోటు శ్రీనివాస్‌కు పుట్టిల్లు. 2014లో శ్రీనివాస్ కన్నుమూశారు.

ఆ ఇద్దరి పొత్తు తెలియాలంటే ‘లోటస్ ఫీట్’ను రెండుసార్లు వినండి: ఒకసారి 1976లో విడుదలైన మొదటి ‘శక్తి’ రికార్డులో, మరోసారి మళ్లీ కూడిన బృందం నుంచి 2000లో వచ్చిన ‘ది బిలీవర్’లో. రెండోదాంట్లో గిటారు పక్కన ఉన్నది మన పాలకొల్లు మాండొలిన్.