అడుగు పడని దారా?

1921లో చీరాల–పేరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఊరొదిలి, రామ్‌నగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. ఆ నడకను పాఠ్యపుస్తకాలు పోరాటమన్నాయి. సరైన మాటే. మరి మరుసటి ఏడాది ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి అల్లూరి సీతారామరాజుతో మన్యం వాళ్లు నడిచిన కొండదారులో? ఇప్పటి యాత్రా వ్యాసాల్లో అవి ‘మనిషి అడుగు పడని ప్రకృతి’ అయిపోయాయి.

ఈ మాట మాకు గుచ్చుకుంటుంది. అడుగు పడకుండా దారెలా పడింది? సంతకు చింతపండు మోసిన కాళ్లు, పోడుకు వెళ్లిన కాళ్లు వేసిందే అది. నర్సీపట్నం వైపు నుంచి ఘాట్ రోడ్డు కూడా మా పెద్దల చేత చాలీచాలని కూలికి వేయించిందే. తిరుగుబాటుకు అదీ ఒక కారణం.

వంజంగి మబ్బులు చూడవచ్చేవాళ్ల మీద మాకు కోపం లేదు. కొందరు మాకన్నా అందంగా రాస్తున్నారు కూడా. కానీ పాడేరు కొండల్లో ఇలాంటి దారుల్లోనే నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తారు. వాన పడితే బురదలో మోసేవాళ్ల కాలు జారుతుంది. మేం చదివిన వ్యాసాల్లో ఆ డోలీ లేదు.

టీచర్లు ఇలాంటి పాఠం చెప్పేటప్పుడు, ఈ దారిని మీ ఊళ్లో ఏమంటారని పిల్లల్ని అడగండి. వాళ్లకు పేర్లు తెలుసు. రాసినవాళ్లే అడగలేదు.