పదిహేను మేకలే ఎందుకు?

పులి–మేక ఆటను పిల్లల కాలక్షేపమనీ, పనిలేని ముసలివాళ్ల అరుగు ముచ్చటనీ తీసిపారేసేవాళ్లు ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. మూడు పులులకు మేకలు పదిహేనే ఎందుకు? పన్నెండు చాలవా? ఇరవై ఉంటే ఏం పోయింది? ఈ అంకె ఎవరో ఒక సాయంత్రం తోచినట్టు పెట్టింది కాదు. అరుగుల మీద తరతరాలు ఆడి, ఓడి, తగువులాడి, మళ్లీ ఆడి తేల్చుకున్న అంకె. కొత్త ఆట తయారుచేసే కంపెనీలు ఇవాళ నెలల తరబడి మనుషుల చేత ఆడించి, ఏ పక్షం ఎక్కువగా గెలుస్తోందో చూసి, నియమాలను సరితూస్తాయి. అదొక పెద్ద విద్య అని మెచ్చుకుంటాం. ఆ విద్యలో మన ఊళ్లు ఏనాడో ఆరితేరాయని, ఆడి చూడకుండా ఈ ఆటలో ఒక్క నియమాన్ని కదిపినా అది పడిపోతుందని చెప్పడానికే ఈ వ్యాసం.

త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు వైపు ఈ ఆటకున్నంత చనువు ఇంకెక్కడైనా ఉంటుందా అన్నది నా అనుమానం. అభిమానం కొద్దీ అంటున్నానని మీరనుకున్నా సరే. నల్లమల అంచున మేకలు తోలుకుపోయేవాడికి పులి అంటే బొమ్మ కాదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఒక డివిజన్ మార్కాపురమే. ఇక సరంజామాకంటారా, ఇంటి ముందు బండ అరుగు, ఇంత బొగ్గు ముక్క, చింతపిక్కలు, గులకరాళ్లు ఉంటే చాలు. అరుగు లేకపోతే పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో పలకకేం కరువు, బలపానికేం కరువు! ఆట ఎప్పుడు పుట్టిందో చెప్పడం చరిత్రకారుల పని. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో పులిజూదం పేరుతో ఈ ఆటనూ లెక్కలోకి తీసుకున్నారు. మనకు అంతవరకు చాలు.

ఇప్పుడు పటం చూడండి. పైన శిఖరం. అక్కడినుంచి నాలుగు గీతలు కిందికి విచ్చుకుంటూ దిగి అడుగు గీతను తాకుతాయి. నడుమ అడ్డంగా మూడు గీతలు, రెండు పక్కలా త్రిభుజం దాటి బయటికి పొడుచుకొచ్చి, నిలువు గీతలతో చట్రంలా మూసుకుంటాయి. గీతలు కలిసే చోట్లు శిఖరాన ఒకటి, అడ్డ వరసకు ఆరు చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు, మొత్తం 23. ఒక పులి శిఖరాన, రెండు పులులు దాని కింది వరసలో కూర్చుంటాయి. మేకల ఆటగాడు ఒక మేకను పెడితే, పులుల ఆటగాడు ఒక పులిని కదుపుతాడు. పదిహేనూ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పక్కనున్న మేక మీదుగా సూటిగా అవతలి ఖాళీలోకి పులి దూకితే ఆ మేక పోయినట్టే. మూడు పులులకూ కదిలే దారి లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. ఐదో ఆరో మేకలు పోతే పులులు గెలిచినట్టు. ఈ చివరి అంకె ఊరిని బట్టి మారుతుంది.

ఈ 23 చోట్లలో దాగిన తూకం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. చట్రం నాలుగు మూలలు, అడుగు గీత రెండు కొసలు, ఈ ఆరు చోట్ల పెట్టిన మేకను ఏ పులీ తినలేదు. గీతలన్నీ అక్కడే ఆగిపోతాయి, దూకడానికి అవతల చోటు ఉండదు. ఆ ఆరూ నిండాక, మూలల మధ్యనున్న రెండు పక్క చోట్లు, అడుగు గీత మీది మిగతా రెండు చోట్లు కూడా క్షేమమే అవుతాయి. అంటే అంచున పది మేకలు ఏ భయమూ లేకుండా సర్దుకోవచ్చు. మరి పదకొండోది? అక్కడ మొదలవుతుంది అసలు ఆట. మిగిలిన ఐదు మేకలూ పులులు తిరిగే లోపలికి దిగి తీరాలి. మేకలను అంచున అలా సర్దుకోనివ్వకూడదనుకుంటే పులి తానే వెళ్లి అక్కడ ఒక మూల ఆక్రమించాలి. కానీ శిఖరాన గానీ నడిమధ్యన గానీ ఉన్న పులిని కట్టేయడానికి ఎనిమిది చోట్లు మూయాల్సివస్తే, మూలకు చేరిన పులికి నాలుగు మేకలు చాలు. రెండు వైపులా పక్కన ఒకటి, దాని వెనక ఒకటి. మేకకు క్షేమమైన చోటే పులికి ఉచ్చు. మూడు పులులూ వేర్వేరు మూలల్లో చిక్కితే పన్నెండు మేకల దాకా కావాలి. పదిహేనులో పన్నెండు పోతే మూడు మిగులు. ఆ మూడే మేకల ఆటగాడి చేతిలో ఉన్న పెట్టుబడి. పన్నెండు మేకలతో ఆడితే మిగులు సున్నా, ఒక్కటి పోయినా మిగతావాటితో పులులను కట్టడం గగనం. ఇరవైతో ఆడితే పులులు మూడు, మేకలు ఇరవై, చోట్లు 23. పులి ఏమీ తినకపోతే చివరి మేక పెట్టగానే పటం నిండిపోయి, ఒక్క మేకనూ కదపకుండానే మేకలు గెలుస్తాయి. పదిహేనుతో మాత్రం అన్నీ పెట్టాక ఐదు ఖాళీలు మిగులుతాయి. ఊపిరి తీసుకోవడానికి సరిపోయేంత, పారిపోవడానికి సరిపోనంత.

చెయ్యి తిరిగిన మేకల ఆటగాడిని చూడటం భాగ్యం. అతను మేకను ఒంటరిగా పెట్టడు. దాని వెనక చోటు ముందే నింపుతాడు, లేదా ఇంకో పులి అక్కడే నిలబడేలా చూస్తాడు. పులి పులిని దాటలేదు కాబట్టి శత్రువు చేతే తన మేకను కాపాడుకుంటాడు. కావాలని ఒక మేకను ఎరవేసి, దాన్ని తిన్న పులి మూలకు చేరగానే రెండెత్తుల్లో తలుపు మూసేస్తాడు. అన్నింటికన్నా గొప్ప ఘనత, పదిహేనింటిలో ఒక్కటీ పోకుండా మూడు పులులనూ కట్టేయడం. పులుల వైపు కూడా మొనగాళ్లు లేకపోలేదు. నోటి ముందున్న మేకను వదిలేసి శిఖరం దిగని పులి ఆటగాడి నిగ్రహం తక్కువదేం కాదు. అయినా నేను మేకల పక్షమే. పులికి పుట్టుకతోనే కోరలున్నాయి, మేకకున్నదల్లా ఆటగాడి బుర్ర.

ఇంత సున్నితమైన తూకాన్ని చిన్న మార్పు ఎలా చెడగొడుతుందో చూడండి. అన్నీ పెట్టకముందే మేకలు కదలవచ్చంటే, అంచు మీద తొమ్మిదింటిని పెట్టుకున్న పిరికివాడు వాటినే అటూ ఇటూ జరుపుతూ లోపలికి అడుగే పెట్టడు. ఆట తెల్లవార్లూ నడుస్తుంది, తెగదు. ఒకే ఎత్తులో పులి వరసగా రెండు మూడు మేకలను దాటవచ్చంటే, లోపలికి దిగిన ఐదింటికి బతుకే ఉండదు. దొరికిన మేకను పులి తినే తీరాలంటే, ఎర వేసినచోటికల్లా అది పరుగెత్తి చిక్కుకుంటుంది. పులి ఆటగాడి నిగ్రహానికి విలువే పోతుంది. మూడూ వినడానికి చిన్న మార్పులే, మూడూ ఆటను మూడు రకాలుగా చంపేవే.

పక్షాలు మార్చుకుని ఆడతాం కదా, ఇంక తూకం ఎందుకని కొందరంటారు. పక్షాలు మార్చుకుంటే మనుషుల మధ్య న్యాయం జరుగుతుంది, నిజమే. కానీ పులులే ఎప్పుడూ గెలిచే ఆటలో పక్షం మార్చుకుంటే చెరొక గెలుపు వస్తుంది తప్ప ఎవరు మెరుగో తేలదు. ఊరికో పద్ధతి ఉన్నప్పుడు ఏది అసలు ఆట అన్నది ఇంకో ఆక్షేపణ. ఊరికో పద్ధతి ఉండటమే నా వాదనకు సాక్ష్యం. ఎన్ని మేకలు పోతే ఓటమి అన్న అంకెను ఒక ఊరు ఐదు అనుకుంటే ఇంకో ఊరు ఆరు అనుకుంది. ఆ మార్పు ఆడినవాళ్లు చేసుకున్నది, నచ్చకపోతే మర్నాడే వెనక్కి తీసుకోగలిగినది. మూడో ఆక్షేపణ కంప్యూటర్ వాళ్లది. నేపాల్ వాళ్ల బాఘ్‌చాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలు, పటంలో 25 చోట్లు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవెర్గెల్ట్ అనే శాస్త్రజ్ఞులు దాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టి, ఇరుపక్షాలూ పొరపాటు లేకుండా ఆడితే గెలుపోటములు తేలవని నిరూపించారు. గొప్ప పని, కాదనను. అయితే పొరపాటు చేయని ఆటగాడు ఏ అరుగు మీదా లేడు. తప్పులు చేసే ఇద్దరు మనుషుల మధ్య ఆట రసవత్తరంగా ఉందా లేదా అన్నది మనుషులు ఆడితేనే తెలుస్తుంది.

ఈ సంగతి బయటి ప్రపంచం ఒప్పుకుంది. బ్రిటన్‌లో గేమ్స్ వర్క్‌షాప్ 1986లో తెచ్చిన బ్లడ్ బౌల్ అనే బల్ల ఆటలో ఓర్కులు, ఎల్ఫుల్లాంటి కల్పిత జాతులు జట్లు కట్టి బంతాట ఆడతాయి. జెర్విస్ జాన్సన్ రూపొందించిన ఆ ఆట నియమాలను, లీగుల్లో ఆడినవాళ్ల అనుభవాన్ని చూసుకుంటూ ఎన్నోసార్లు సవరించారు. వాటిలో హాఫ్లింగులనే జాతి జట్టును కావాలనే బలహీనంగా ఉంచారు, ఆ సంగతి ఎంచుకునేవాడికి ముందే తెలుసు. మన చెడుగుడు సంగతే చూడండి. ప్రో కబడ్డీలో కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ను పట్టుకుంటే అదనంగా ఒక పాయింటు ఇస్తారు. తక్కువైనవాళ్ల వైపు ముల్లును కాస్త వంచడమది. పదిహేను మేకల లెక్కా అదే జాతిది.

మరి ఇవాళ మన పిల్లల చేతికి వస్తున్నదేమిటి? మెరిసే అట్టపెట్టె, రంగుల ప్లాస్టిక్ పులులు, నియమాల కాగితం మీద నాలుగు ముక్కలు. ఎన్ని మేకలు పోతే ఆట ముగుస్తుందో కూడా రాయని పెట్టెలున్నాయి. పటంలో ఒక గీత తప్పిపోయినా అడిగే దిక్కులేదు. ఒక్క గీత తప్పితే క్షేమమైన చోటు క్షేమం కాకుండా పోతుందని అచ్చువేసినవాడికి తెలియదు, తెలుసుకోవాలన్న ఆశా లేదు. అలాంటి పటం మీద రెండుసార్లు ఆడిన పిల్లవాడు ఇందులో ఏముంది అని లేచిపోతే తప్పు వాడిదా? ఆ పిల్లవాడు విసుక్కున్నది పులి–మేకను కాదు, దాని వేషం వేసుకున్న చెత్తను. పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, కట్టే ఇళ్లకు అరుగులు ఉండటం లేదు, మనం మాత్రం ఆ చెత్తనే సంప్రదాయమని పండక్కి కానుకలిస్తున్నాం!

మార్పే వద్దని నేననను. ఈ ఆటలో తేలని చిక్కు ఒకటుంది. మేకలన్నీ పెట్టాక పులి రెండు చోట్ల మధ్యే ముందుకూ వెనక్కూ తిరుగుతూ, మేకలూ అలాగే కదులుతూ ఉంటే ఆట ఆగిపోతుంది. ఒకే ఎత్తు మూడుసార్లు వేస్తే నాలుగోసారి వేరేది వేయాలని నియమం పెట్టవచ్చు. ఆ కట్టడి పులికేనా, మేకలకేనా, ఇద్దరికీనా? ఏది పెట్టినా ముల్లు ఎటో ఒకవైపు వంగుతుంది. కాబట్టి ఆడి చూడాలి. ఒకసారికి ఒక్క నియమమే మార్చాలి, అదే జంట పక్షాలు మార్చుకుని ఆడాలి, ఆట ముగిసేసరికి ఎన్ని మేకలు మిగిలాయో ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఆరితేరినవాళ్ల ఆటలు, కొత్తవాళ్ల ఆటలు విడివిడిగా లెక్కపెట్టాలి. మార్కాపురం బడుల్లో పలకల మీద ఇది మొదలుపెట్టడానికి పైసా ఖర్చుండదు. త్రిపురాంతకంలో శివరాత్రికి, అమ్మవారి నవరాత్రులకు జనం చేరినప్పుడు పోటీలు పెడితే పెద్ద ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు. నా పక్షం ఏదో ఇప్పటికే తెలుసు కదా. ఫలితం పులుల వైపు వచ్చినా సరే, పుస్తకంలో ఉన్నదున్నట్టే ఎక్కాలి.