దిగబోయే నేల

ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాల జీవితం మీద వస్తున్న కథలూ కవితలూ చదువుతున్నప్పుడు కొంతకాలంగా నన్నొక ప్రశ్న వెంటాడుతోంది. ఈ రచయిత ఏ ఎత్తు నుంచి చూస్తున్నాడు? రచయిత ఎవరి పక్షాన నిలబడ్డాడని అభ్యుదయ విమర్శ మొదటి నుంచీ అడుగుతూనే వచ్చింది. అడగవలసిన ప్రశ్నే అది. కాని ప్రజల పక్షాన నిలబడి కూడా ప్రజలకు చాలా ఎత్తున నిలబడడం సాధ్యమేనన్న సంగతి మీద మన దృష్టి తగినంతగా పడలేదు. అడవి, తుడుం మోత, గుస్సాడీల నెమలిపింఛాలు, కేస్లాపూర్ నాగోబా జాతర, బొగ్గుబావి సైరను - ఇవన్నీ ఉన్న కథలో కూడా ఊరు లేకపోవచ్చు. ఎందుకంటే పైనుంచి చూసినవాడికి మొదట కనిపించేవి ఇవే.

ఈ ఎత్తు సమస్యను తేల్చుకోవడానికి సాహిత్యానికి వెలుపలి పనొకదాన్ని ఆసరా చేసుకుంటున్నాను. నలుగురు పట్టే చిన్న విమానాన్ని, మునుపెన్నడూ దిగని చోట దింపడం ఆ పని. మన జిల్లాలకు ఇది పరాయి విషయమేమీ కాదు. ఆదిలాబాదులో నిజాం కాలం నాటి విమానాల మైదానం ఉంది. 2016లో జిల్లాలను విభజించాక పెద్దపల్లి జిల్లాలోకి వచ్చిన బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు కర్మాగారం కోసం వేసిన రన్‌వే ఉంది. 1981లో ఏర్పడిన వాయుదూత్ సంస్థ ఆ దశకంలో కొంతకాలం అక్కడికి విమానాలు నడిపింది. తర్వాత అవి ఆగిపోయాయి. ఆదిలాబాదు మైదానంలో పౌర విమానాలు దిగడానికి వైమానిక దళం 2025లో సమ్మతి తెలిపింది.

ఈ యంత్రానికి తెలంగాణ పల్లె పెట్టుకున్న పేరు గాలిమోటరు. పిల్లలు ఇంట్లో ముసలివాళ్ల నోట విన్న ఆ మాటను బడికి తెస్తే, బడి దాన్ని విమానమని దిద్దుతుంది. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కనుక ఈ దిద్దుబాటు గురించి నాకు ఆలోచన తప్పలేదు. రెండు మాటలలో రెండు ఎత్తులున్నాయి. విమానం అనగానే పుష్పకమూ, గర్భగుడి మీది శిఖరమూ, లోపల కొలువైన దేవుడో రాజో మనసులో మెదులుతారు. అది లోపల కూర్చున్నవాడి వైపు మాట. గాలిమోటరు తలెత్తి చూసినవాడి మాట. దుమ్ము రోడ్డు మీద మోటరును ఎరిగినవాడు అదే చప్పుడు నెత్తిమీద విని, తెలిసినదానితో తెలియనిదాన్ని కొలిచాడు. ఇంతకన్నా చక్కని భౌతికవాద నామకరణం నేనెరగను.

ఇప్పుడు పనిలోకి వద్దాం. తెలియని చోట దిగబోయే పైలటు, ఆ రన్‌వే పొడవెంత, ఏ దిక్కుగా వేశారు, సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉంది, చుట్టూ గుట్టలూ కరెంటు తీగలూ ఎక్కడున్నాయన్నది బయలుదేరక ముందే తెలుసుకుంటాడు. దారి గుర్తులు ఏర్పరుచుకుంటాడు. హైదరాబాదు నుంచి బసంత్‌నగర్ వచ్చేవాడికి కరీంనగర్ దగ్గర మానేరు జలాశయం, ఆ తర్వాత కాజీపేట - బల్లార్షా రైలుపట్టాలు, ముందుదిక్కున రామగుండం ఎన్.టి.పి.సి. పొగగొట్టాలు, గోదావరి. కంట్రోలు టవరు లేని మైదానమైతే నేరుగా వచ్చి వాలడు. పైన ఒక చుట్టు తిరిగి, కింద కట్టిన గుడ్డగొట్టాన్ని బట్టి గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. రన్‌వే మీద పశువులున్నాయేమో చూస్తాడు. తర్వాత గాలివాలున రన్‌వే పక్కగా కొంతదూరం పోయి, రెండు మలుపులు తిరిగి, గాలికి ఎదురుగా దిగుతాడు. ఎదురుగాలి ఉంటే నేలను తాకే వేగం తగ్గుతుంది. మే నెలలో ఇంకో లెక్క కూడా ఉంది. వేడిగాలి పలచన; రెక్కకు పట్టూ ఇంజనుకు బలమూ తగ్గుతాయి; తిరిగి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. రామగుండం ఎండ తెలియనివాడు ఆ లెక్కలో తప్పుతాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎత్తు చూపే సూది, ఆల్టిమీటరు. అది నిజానికి ఎత్తును కొలవదు. చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని కొలిచి, దాన్ని అడుగులలోకి మార్చి చూపుతుంది. ఒత్తిడి చోటుచోటుకూ పూటపూటకూ మారుతుంది. ఒక మిల్లీబారు తేడా వస్తే సూదిలో సుమారు 27 అడుగుల తేడా వస్తుంది. బయలుదేరిన ఊరి ఒత్తిడికి సూదిని సరిచేసుకొని, ఒత్తిడి పది మిల్లీబార్లు తక్కువగా ఉన్న చోటికి వచ్చినవాడు, తాను నిజంగా ఉన్నదానికన్నా దాదాపు 270 అడుగులు ఎక్కువ ఎత్తున ఉన్నానని నమ్ముతాడు. మబ్బులో ఆ నమ్మకం ప్రాణం తీస్తుంది. అందుకే దిగబోయే చోటి ఒత్తిడిని కిందివాళ్లను అడిగి, సూదిని మార్చుకున్నాకే దిగుతాడు.

ఈ పనినే సాహిత్యంగా మార్చినవాడు ఫ్రెంచి రచయిత సెంటెగ్జూపెరి. ఆయన తపాలా విమానాల పైలటు. 'మనుషుల నేల' అని అర్థం వచ్చే పేరుతో 1939లో ఆయన వెలువరించిన పుస్తకంలో, స్పెయినుకు తన తొలి ప్రయాణం ముందటి రాత్రి గురించి రాశాడు. అనుభవజ్ఞుడైన సహచరుడు గియోమే దగ్గరికి పటం పట్టుకుపోతాడు. గియోమే నదుల గురించీ పట్టణాల జనాభా గురించీ చెప్పడు. ఒక పొలం అంచున ఉన్న మూడు నారింజ చెట్లను గుర్తు పెట్టుకోమంటాడు. ఒంటిగా బతికే రైతు దంపతుల గురించి చెబుతాడు. ఆపదలో దిగదగినదిగా కనిపించే బయలులో గడ్డికింద దాగిన వాగును చూపిస్తాడు. కొండవాలున ఉండే గొర్రెల మందతో జాగ్రత్త అంటాడు.

మన జిల్లాలకు గియోమే ఎవరు? ఆదిలాబాదు నల్లరేగడి ఎండాకాలం గట్టి బయలు. వానలు పడితే బండిచక్రం దిగబడే బురద. ఆ సంగతి పత్తిరైతుకు తెలుసు. గోదావరిఖని చుట్టూ ఓపెన్‌కాస్టు గనులు తవ్విపోసిన మట్టి, పాత పటంలో లేని గుట్టలుగా పెరిగింది. ఆ సంగతి గనికార్మికుడికి తెలుసు. వీళ్లను అడగని రచయిత చేతిలో ఉన్నది ఎంత మంచి పటమైనా పాత పటమే.

మన ప్రాచీన సాహిత్యంలో రెండు ఆకాశయానాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు తీర్థవాసుల నోట దూరదేశాల కథలు విని ఉర్రూతలూగినవాడు. క్షేత్రాల పేర్లన్నీ తెలుసు. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకొని హిమాలయానికి ఎగిరిపోయాడు. ఆ పసరు మంచులో నిలుస్తుందా అని అడగలేదు. అది కాస్తా కరిగిపోయింది. ఇంటిదారి ఎటో వరూధిని అనే అపరిచితను అడగవలసి వచ్చింది. కాళిదాసు రఘువంశం పదమూడో సర్గలో రాముడు పుష్పకంలో తిరిగివస్తూ సీతకు కింది నేలను చూపిస్తాడు. మన గోదావరి కూడా అందులో ఉంది. ఆ వర్ణన అంత సజీవంగా ఉండడానికి కారణం వాహనం ఎత్తు అనుకుంటే పొరపాటు. రాముడు ఆ నేలంతా అంతకుముందు కాలినడకన తిరిగినవాడు. ఏ ఒడ్డున ఏడ్చాడో తెలిసినవాడు. నడిచినవాడి కంటికి మాత్రమే పైనుంచి చూసినా నేల పటంగా మారిపోదు.

ఆధునిక రచనకు వస్తే, 1940 దశకంలో మార్లవాయి గూడెంలో నివసించిన హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వం కోసం పనిచేసినవాడే. ఆ పరిమితి ఆయనకు ఉంది. అయినా 1948లో రాజ్‌గోండుల మీద వచ్చిన ఆయన గ్రంథం నేటికీ పనికొస్తున్నదంటే, గోండులను గోండుల మధ్య ఉండి తెలుసుకోవడమే కారణం. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవలలో తిరుగుబాటు ఆకాశం నుంచి ఊడిపడదు. పోడు, పశువుల మేత, అటవీశాఖ ఆంక్షలు అనే నేల మీద అది మొలుస్తుంది. సింగరేణిలో ఉద్యోగం చేస్తూ రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథల బలం కూడా ఇలాంటిదే. వీళ్లంతా ఒక చుట్టు తిరిగి గాలి చూసుకొని దిగినవాళ్లు, లేదా అక్కడే పుట్టినవాళ్లు.

ఇక మనకు చేదుగా ఉండే మాట చెప్పాలి. సిద్ధాంతం మన ఆల్టిమీటరు. హైదరాబాదు సభలో సరిచేసుకున్న సూదితోనే మనలో చాలామంది ఉట్నూరులో దిగుతున్నారు. భూస్వామి - కూలీ అనే ఒకే నమూనాతో వచ్చిన రచయితకు, పేరుకు పట్టా ఉండి కూడా విత్తనాలకూ ఎరువులకూ అప్పిచ్చిన వ్యాపారికే పంటంతా పోసే రైతు కనబడడు. కార్మికవర్గం అనే ఒక్క మాటతో వచ్చినవాడికి పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ మధ్య ఉన్న గీత కనబడదు. సూదిలో లోపం లేదు. అక్కడి ఒత్తిడికి దాన్ని మార్చుకోలేదు, అంతే. ఇంకోవైపు, సూదినే తీసి పారేసి అనుభవం ఒక్కటే చాలుననే మిత్రులున్నారు. ఆకాశం తేటగా ఉన్న పగటిపూట వాళ్ల మాట నడుస్తుంది. మబ్బు కమ్మినప్పుడు, అంటే కులం పేరుతోనో మతం పేరుతోనో ఊరు చీలినప్పుడు, సూది లేనివాడు గుట్టకు గుద్దుకుంటాడు.

దిగే నేర్పు ఉంటే చాలునా అని ఎవరైనా అడగవచ్చు. చాలదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలటు 1948లో కరాచీ నుంచి నిజాం సర్కారుకు దొంగచాటుగా ఆయుధాలు తెచ్చి బీదరు, వరంగల్లు మైదానాలలో దింపాడు. ఆయనకు పరాయి నేల మీద దిగే నేర్పు పుష్కలంగా ఉంది. ఆ మైదానాల చుట్టూ ఉన్న సంస్థానంలో అప్పుడు రైతాంగ సాయుధ పోరాటం సాగుతోంది. ఆయన నేర్పు ఎవరికి పనికొచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. కనుక 'ఎవరి సరుకు దించుతున్నావు' అన్న పాత ప్రశ్న అలాగే ఉంటుంది. దానికి పక్కన 'దిగబోయే నేల తెలుసునా' అన్న రెండో ప్రశ్నను చేర్చమంటున్నాను. మొదటిది లేని నేర్పు కాటన్ నేర్పు. రెండోది లేని నిబద్ధత ప్రవరుడి పసరు.

ఆదిలాబాదులో విమానాలు దిగే రోజు వస్తే మనవాళ్లు ప్రగతి గీతం ఒకటీ, శాపనార్థం ఒకటీ రాస్తారు. రెండూ కుర్చీలో కూర్చుని రాయదగ్గవే. మైదానం పక్కన ఏ పంట పండుతోంది, ఎవరి ఎకరం పోతుంది, ఆ ఎకరం మీద కూలికి వచ్చేవాళ్లు తర్వాత ఎటు పోతారు అన్నవి రాయాలంటే అక్కడికి పోవాలి, అడగాలి, వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడాలి. సాహిత్య విద్యార్థులకు నా సూచన కూడా ఇదే. కథ చేతికి రాగానే వస్తువునూ శిల్పాన్నీ విడదీయడానికి ముందు, రచయిత ఆ నేలవాళ్లను ఎన్ని ప్రశ్నలు అడిగి ఉంటాడో కథలో వెతకండి. అడిగినవాడి వాక్యంలో ఆ జవాబులు తప్పకుండా ఉంటాయి.